పిల్లల నడక చొప్పున

ధ్యాన భాగము: ఆదికాండము 32:22 – 33:17

గోదావరి, కృష్ణా డెల్టాలలో వరికోతల కాలమున రోడ్లకు రెండు పనులుండును. అవి బాటలు, అవియే కళ్లములు. చిన్న రైతునకు ధాన్యము ఆరబోసికొను స్థలము లేదు. అందుచేత తారురోడ్డు సగము వెడల్పున వడ్లు పరచి, పొద్దు వాలునప్పటికి కుప్పగా చేర్చి, నల్లని పట్టా కప్పి, బండ్లు ఎక్కకుండ చుట్టును రాళ్లు పేర్చును. నల్లని రోడ్డు, నల్లని పట్టా, దీపము లేని సందెవేళ. అట్టి రాతికి ఒక ఉపదేశి యొక్క మోటారు సైకిలు ముందు చక్రము తగిలెను.

ఆ ఉపదేశికి ఇక్కడ పేరు అక్కరలేదు, ఊరు అక్కరలేదు. ఇట్టివాడు ఏ పాస్టరేటులోనైనను కనబడును. పలువురికి జరుగునది ఒక్కనియందు చేర్చి చెప్పబడుచున్నది. అతని చేతిక్రింద ఐదు గ్రామ సంఘములు. ఆదివారము తెల్లవారగానే మొదటి ఊరిలో ఆరాధన, తరువాత రెండవ ఊరు, మూడవ ఊరు. సాయంకాల కూటము ఐదవ ఊరిలో. బండి లేని దినములలో ఈ ఐదింటిని అతడు నెలకొకసారి చుట్టి వచ్చెడివాడు. బండి వచ్చిన తరువాత ప్రతి ఆదివారము చుట్టుచుండెను. పెట్రోలు ట్యాంకుమీద 23వ కీర్తనలోని మొదటి మాట అంటించి యుండెను. ఆ దినమున నాలుగవ ఊరి పెద్ద భోజనము చేయనిదే కదలనీయలేదు. ఆలస్యమైనది. బండి వేగము పెరిగినది.

వెనుక ఒక పదునాలుగేండ్ల బాలుడు కూర్చుండి యుండెను. విధవరాలైన తల్లికి ఒక్కడే కుమారుడు. పాటలకు కంజీర వాయించుటకై ఉపదేశి వానిని ప్రతి వారము వెంటబెట్టుకొని పోవుచుండెను. కంజీర వాని ఒడిలో నుండెను. ఉపదేశి తలకు హెల్మెట్టు కలదు. అతడు నియమము తప్పనివాడు. బాలుని తలకు ఏమియు లేదు. ఎన్నడును లేదు. అది ఒక లోపమని ఐదు ఊళ్లలో ఎవరికిని తోచలేదు.

ఉపదేశికి తొడ యెముక విరిగెను. వైద్యులు ఉక్కు కడ్డీ వేసి అతికించిరి. బాలుడు పదునొకండు దినములు తెలివి లేక పడియుండి, పిమ్మట కన్ను తెరచి తల్లిని గుర్తించెను. మాట వచ్చెను, నడక వచ్చెను. ఎడమ చెవికి మాత్రము వినికిడి రాలేదు.

నాలుగు నెలలకు ఉపదేశి కర్ర పట్టుకొని ఆరాధనకు వచ్చినప్పుడు సంఘము చేసిన మొదటి పని చందా వేయుట. పాత బండి బాగుచేయించుటకు కొంత, చాలకపోయిన యెడల క్రొత్తది కొనుటకు కొంత. ఇందులో ప్రేమయే కాని వేరేమియు లేదు. సంఘపెద్ద అతని భుజము తట్టి, “దేవుడు తప్పించినాడు గదా అయ్యగారూ! ఇంక భయమెందుకు? 91వ కీర్తన చదువుకొని ఎక్కండి. అదే పెద్ద సాక్ష్యము” అనెను. రాత్రి ఇంటిలో భార్య, “ఏమండీ, మీరు ఎక్కినా ఎక్కకపోయినా నేను ప్రార్థన మానను. ఎక్కితే మాత్రము నిద్రపోను” అని ఊరకుండెను. అతడు మరునాడు బండి అమ్మివేసెను. ఆ సొమ్ము మూటగట్టి బాలుని తల్లి యింటికి తీసికొనిపోయి ఆమె ముందు పెట్టెను.

ఆమె సొమ్ము తీసికొనెను. ఆసుపత్రి అప్పులు ఉన్నవి గనుక తీసికొనక తప్పదు. తీసికొని, “బండి అమ్మినారు, సరే అయ్యగారూ. దానితో మావాడి చెవి వచ్చునా?” అని అడిగెను.

సంఘపెద్ద మాటకు, ఈ తల్లి మాటకు మధ్య ఆ మనుష్యుడు చాలా దినములు నిద్రలేక యుండెను. మొదటి మాట అతనిని మరల బండి యెక్కుమనెను; రెండవది దిగినంత మాత్రమున చాలదనెను. ప్రియ చదువరీ, ఈ రెండు మాటలను వాక్యము యెదుట ఒక్కొక్కటిగా పెట్టి చూడవలెను.

సంఘపెద్ద చెప్పిన 91వ కీర్తన ప్రయాణమునకు ముందు లక్షలాది క్రైస్తవ గృహములలో చదువబడు కీర్తన. చదువుట మేలే. కాని అదే కీర్తనను చదివినవాడు వేరొకడు కలడని మత్తయి 4వ అధ్యాయము తెలుపుచున్నది. దేవాలయ శిఖరముమీద మన ప్రభువు యెదుట నిలిచి సాతాను ఎత్తి చూపినది ఈ కీర్తన 11, 12 వచనములనే. అయితే వాడు మత్తయి సువార్తలో చెప్పిన మాటను కీర్తనతో పోల్చి చూచినయెడల, మధ్యనుండి ఒక చిన్న భాగము జారిపోయినట్లు తెలియును. దూతలు కాపాడుట “నీ మార్గములన్నిటిలో” అని కీర్తన భావము. మార్గము అను మాట పోయిన తరువాత కాపుదల మిగిలినది, నడవవలసిన దారి పోయినది. శిఖరమునుండి దూకుట ఎవరికిని మార్గము కాదు.

ప్రభువు ఇచ్చిన ప్రత్యుత్తరము ద్వితీయోపదేశకాండము 6:16లోనిది. అక్కడ మోషే మస్సా అను స్థలమును జ్ఞాపకము చేయుచున్నాడు. మస్సాలో ఇశ్రాయేలీయులు చేసిన పాపమేమి? దాహము వారి పాపము కాదు. దేవుడు మా మధ్య ఉన్నాడా లేడా, ఇప్పుడే రుజువు చూపవలెనని పట్టుబట్టుట వారి పాపము (నిర్గమ 17:7). కనుక మనము బహు జాగ్రత్తగా అడుగవలసిన ప్రశ్న ఇది: ఉపదేశి మరల బండి యెక్కినయెడల అది ఐదు ఊళ్లకు పోవుటకా, లేక దేవుడు తనతో ఉన్నాడని ఐదు ఊళ్లకు రుజువు చూపుటకా? మొదటిది ప్రయాణము. రెండవది మస్సా. పైకి రెండును ఒకే బండి, ఒకే రోడ్డు. సాక్ష్యము అను మాటను మన సంఘములలో ఎంత తేలికగా వాడుచున్నామో చూచినయెడల భయము కలుగును. బ్రదికి బయటపడిన ప్రతివాడును వెంటనే వేదిక యెక్కవలెనని తొందరపెట్టుచున్నాము.

దిగిపోవుట అవిశ్వాసము అనుటకు వాక్యమున ఆధారము లేదు. ఎక్కుట అవిశ్వాసము అనుటకును లేదు. రోమా 14వ అధ్యాయము భోజన విషయమున చెప్పిన న్యాయము ఇక్కడ వర్తించును: ఒకడు తన మనస్సులో నిశ్చయత కలిగి ప్రభువు కొరకు చేయునది మరియొకడు ప్రభువు కొరకే మానవచ్చును.

ఇక తల్లి ప్రశ్న. ఇది మొదటిదానికన్న కఠినమైనది. ఏలయనగా ఉపదేశి తనకే తెలియకుండ ఒక బేరము చేసియుండెను. తనకు ప్రియమైనదానిని విడిచినయెడల తన అపరాధము తీరునని అతని హృదయములో ఎక్కడనో ఒక లెక్క యుండెను. మీకా 6వ అధ్యాయములోని మనుష్యుడు ఏడాది దూడలతో ప్రారంభించి తన జ్యేష్ఠపుత్రుని వరకు వేలము పెంచుకొని పోవుట చదువుచున్నాము. అదే లెక్క. త్యాగము పెద్దదైన కొలది మనస్సు నెమ్మదించునని అనుకొనుట. కాని అట్లు పోసిన నూనె నదులలో ఒక్క చుక్కయు నష్టపడినవాని గాయమునకు చేరదు. పాప పరిహారమునకు బలి ఒక్కటే, అది సిలువమీద ఒక్కసారియే జరిగినదని హెబ్రీ పత్రిక గట్టిగా చెప్పుచున్నది. బండి అమ్మిన సొమ్ము దానికి చేర్చవలసిన అనుబంధము కాదు.

అట్లయిన యెడల ఋణము లేదా? కలదు. నిర్గమకాండము 21:18, 19లో ఒక చిన్న విధి యున్నది. కలహములో ఒకడు మరియొకని కొట్టగా వాడు చావక మంచము పట్టి, తరువాత కర్ర ఊనుకొని లేచి తిరిగినయెడల, కొట్టినవాడు మరణశిక్షకు పాత్రుడు కాడు. కాని వాని పని పోయిన దినములకు చెల్లింపవలెను, వాని పూర్తిగా స్వస్థపరపింపవలెను. ఇక్కడ కలహమేమియు లేదు, నిజమే. అయినను ధర్మశాస్త్రము యొక్క మనస్సు తేటగా కనబడుచున్నది: అపరాధము క్షమింపబడుట వేరు, గాయపడినవాడు కోలుకొనువరకు వాని ప్రక్కన నిలుచుట వేరు. మొదటిది దేవుడు చేసినాడు. రెండవదానిని మన చేతిలో పెట్టినాడు. ఆ తల్లి అడిగినది డబ్బును గూర్చియు కాదు, బండిని గూర్చియు కాదు. ఇంక మా యింటికి వచ్చెదవా, లేక లెక్క తీరినదని వెళ్లిపోవుదువా అని అడిగినది. చాలా మంది వెళ్లిపోవుదురు.

ఇప్పుడు యబ్బోకు రేవునకు రావలెను. ఇది ఈనాటి యోర్దాను దేశములోని జర్కా నది. యాకోబు అంతవరకు వేగముతో బ్రదికినవాడు. అన్నకంటె ముందుగా దీవెన పొందవలెనని తొందరపడెను. లాబాను ఇంటినుండి చెప్పకుండ పారిపోయెను. ఆ రాత్రి తొడగూటిమీద దెబ్బ తగిలినది, తెల్లవారి సూర్యుడు ఉదయించునప్పటికి అతడు ఒక కాలు ఈడ్చుకొనుచు పెనూయేలు దాటుచుండెను. ఆ కుంటుటకు మూలమున వాడబడిన హెబ్రీ క్రియ అరుదైనది. అదే మాటను మీకా 4:6, 7లోను జెఫన్యా 3:19లోను చూడగలము. అక్కడ దేవుడు అంత్యదినమున పోగుచేయు ప్రజ ఎవరనగా, కుంటుచున్న ప్రజ. మీకా దానినే శేషముగా చేయునని చెప్పుచున్నాడు. తండ్రి నడక పిల్లలకు సంక్రమించినది అన్నట్లున్నది. మన తర్జుమాలలో ఈ మూడు చోట్ల సంబంధము సులువుగా కంటికి ఆనదు. ఇది తర్జుమా చేయువారి తప్పు కాదు, ఒక భాష మరియొక భాషలోనికి వచ్చునప్పుడు ఇట్టివి కొన్ని నీటిలో పోవును.

అయితే ఈ భాగమును బోధించువారు తరచుగా 32వ అధ్యాయము చివరనే ఆగిపోవుదురు. క్రొత్త పేరు, దీవెన, సూర్యోదయము, అంతటితో ఆమేన్. అసలు సంగతి 33వ అధ్యాయమున నున్నది. ఏశావు తమ్ముని కౌగిలించుకొని, ఇద్దరము కలిసి ప్రయాణము చేయుదమని పిలిచెను. నాలుగువందల మంది మనుష్యులు వెంటనున్నవాడు. అతని నడక వేగముగలది. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారనియు, మందలో పాలిచ్చునవి ఉన్నవనియు, ఒక్కదినము వడిగా తోలినయెడల మంద యంతయు చచ్చిపోవుననియు చెప్పి, తాను మందల అడుగుల కొలదిని, పిల్లల అడుగుల కొలదిని మెల్లగా వచ్చెదననెను. తన కాలు కుంటుచున్నదని అతడు చెప్పలేదు గమనించితిరా? తన గాయము అతనికి తన గాయమును గూర్చి కాదు, పిల్లల కాళ్లను గూర్చి నేర్పినది. అంతకు ముందు అవే పిల్లలను గిలాదు కొండలవరకు ఎంత వడిగా తోలుకొని వచ్చెనో 31వ అధ్యాయము చెప్పుచున్నది.

“మెల్లగా నడుచుట” అను ఆ చోట వాడబడిన హెబ్రీ ధాతువు 23వ కీర్తన రెండవ వచనములో మరల వచ్చుచున్నది. శాంతికరమైన జలముల యొద్దకు కాపరి తన గొర్రెను నడిపించు తీరు అది. యెషయా 40:11లో దేవుడు పాలిచ్చు వాటిని నడిపించు చోటను అదే. పాలిచ్చువాటికి వాడిన మాటయు యాకోబు పలికినదే. ఉపదేశి పెట్రోలు ట్యాంకుమీద అంటించుకొన్న కీర్తన యొక్క కాపరి, గొర్రె నడకను చూచి తన నడకను కుదించుకొనువాడు. ఆ కాగితము అంటించినవాడు ఆ సాయంకాలము వెనుకనున్న గొర్రెపిల్లను మరచిపోయెను.

యాకోబును పొగడుటకు తొందరపడనక్కరలేదు. శేయీరుకు వచ్చెదనని అన్నతో చెప్పి, సుక్కోతుకు పోయినాడు (33:17). కుంటితనము అతని వడిని మాన్పినది గాని వంకరమాటను ఒక్కనాటిలో మాన్పలేదు. దెబ్బ తిన్న ప్రతివాడును పరిశుద్ధుడై లేచునని అనుకొనువారు ఆదికాండమును పూర్తిగా చదువలేదు.

ఇంకొక మాట కలదు. ద్వితీయోపదేశకాండము 22:8 క్రొత్త ఇల్లు కట్టువానికి మిద్దెచుట్టు పిట్టగోడ కట్టుమని ఆజ్ఞాపించుచున్నది. ఎవడైనను పడినయెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును. పిట్టగోడకు వాడిన హెబ్రీ మాట పాత నిబంధన అంతటిలో ఈ ఒక్క చోటనే యున్నది. ఇంటివానికి మిద్దె అంచు ఎక్కడనో తెలియును. గోడ అతిథి కొరకు. రెండవ హెల్మెట్టు అట్టిదే. మన దేశములో 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను బండి నడుపువానికే గాక వెనుక కూర్చున్నవానికిని దీనిని విధించుచున్నది. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారము 2022లో భారతదేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. హెల్మెట్టు లేక మరణించినవారు 50,000 మంది. వారిలో 14,000 మందికి పైగా వెనుక కూర్చున్నవారు. వెనుక కూర్చున్నవారనగా భార్యలు, తల్లులు, కంజీర పట్టుకొన్న బాలురు. శిరస్త్రాణము అను మాటను ఎఫెసీ పత్రికలో కంఠస్థము చేసినవారము మనమే. చెక్‌పోస్టు కనబడువరకు దానిని మోచేతికి తగిలించుకొని పోవువారమును మనమే.

ఈ హెల్మెట్టు ఎట్లు వచ్చినదో తెలిసికొనుట మంచిది. 1935 మే 13న ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతమున టి. ఇ. లారెన్సు తన మోటారు సైకిలుమీద వచ్చుచు, సైకిళ్లమీదనున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. తలకు దెబ్బ తగిలి ఆరు దినములు తెలివి లేక యుండి మే 19న మరణించెను. అతనికి 46 ఏండ్లు. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణమును అతడు మరువలేదు. మోటారు సైకిలు ప్రమాదములలో తల గాయములను పరిశోధించి 1941లో వైద్య పత్రికలో ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యము వార్తలు మోయు తన సైనికులకు హెల్మెట్టు తప్పనిసరి చేసెను. సామాన్య ప్రజలందరికి అక్కడ ఆ చట్టము వచ్చినది 1973లో. కెయిర్న్సు 1952లోనే గతించెను. తాను కాపాడిన వేల తలలను అతడు చూడలేదు. ఒకని పడిపోవుటనుండి ఇంకొకడు నేర్చుకొనుటకు ఇంత కాలము పట్టును.

ఉపదేశివలె అందరును దిగిపోవలెనా? పాలు పోయువాడు, ఇల్లిల్లు తిరిగి సరకులు చేరవేయు యువకుడు, రాత్రి పాళీ ముగించుకొని పోవు నర్సు ఏ బండి అమ్ముకొని బ్రదుకవలెను? ఖరగ్‌పూరులోనో, భిలాయిలోనో, ముంబయిలోనో తెలుగు ఆరాధనకు పోవు కుటుంబమునకు నాలుగు చక్రముల స్థోమత ఎక్కడిది? మానుకొనుటకు వీలు కలుగుటయు ఒక వరమే. దానిని పొందినవాడు పొందనివారిమీద నియమముగా మోపరాదు. దిగినవాడు ఎక్కినవానికి తీర్పు తీర్చినయెడల, దిగి లాభమేమి? వారికి చెప్పవలసినది వేరు: మెల్లగా పొండు, రెండవ హెల్మెట్టు కొనుడు, కొంచెము ముందుగా బయలుదేరుడు. భోజనము పెట్టు పెద్దలకు చెప్పవలసినదియు ఒకటి కలదు. ఆలస్యమైన పరిచారకుని ఇంకొక ముద్ద తినుమని బలవంతము చేయకుడు.

రోడ్డుమీద పడినవారిని చూచి ఆగువారినిగూర్చి కూడ ఒక మాట. ఆ సందెవేళ వారిద్దరిని మొదట చూచిన లారీ ఆగక పోయినది. పోలీసు కేసునకు భయపడి యుండవచ్చును. ఆగినది కల్లు గీయువాడొకడు. తన పైపంచె చింపి బాలుని తలకు కట్టి, ఆటో పిలిచి, ఆసుపత్రి వరకు వచ్చినాడు. ఇట్టివారిని కేసులతో వేధింపరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శక సూత్రములకు చట్టబలము కలుగజేసినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134ఎ సెక్షను చేర్చబడినది. ఆ సెక్షనులో అట్టి సహాయకునికి పెట్టబడిన పేరు, లూకా 10వ అధ్యాయములోని మంచి సమరయుడే. యెరికో దారిలో ప్రభువు చెప్పిన ఉపమానము భారతదేశ శాసనములో ఒక సెక్షనునకు పేరైనది. లారీ ఆపకుండ పోయినవానికి బహుశః ఆ సంగతి తెలియదు. తెలియజెప్పవలసినవారు ఎవరు? ఆ ఉపమానము ప్రతి సంవత్సరము బోధించువారే గదా.

ఉపదేశి ఇప్పుడు బస్సుమీద పోవుచున్నాడు. బస్సు రెండు ఊళ్లకే కలదు. మిగిలిన మూడింటికి నెలకొకసారి పోవును. కాలువగట్టున కర్ర ఊనుకొని రెండు మైళ్లు నడచును. మొదట ఆ ఊళ్ల వారు చిన్నబుచ్చుకొనిరి. నాలుగవ ఊరిలో ఆరాధన ఆగిపోవునని అందరు అనుకొనిరి. అక్కడ ఒక నేతపని చేయు సహోదరుడు, చదువు అంతగా లేనివాడు, అక్షరము అక్షరము కూడబలుకుకొని వాక్యము చదువుటకు మొదలిడెను. ఐదవ ఊరిలో నిజముగానే ఆగిపోయినది. ఆ నష్టమును ఉపదేశి దాచడు. దానికై ప్రార్థించుచున్నాడు, ఇంకను జవాబు రాలేదు.

కూటమున్న శనివారములు బస్సు దిగి మొదట విధవరాలి యింటికి పోవును. ఆమె చాలా నెలలు అతనితో సరిగా మాటలాడలేదు. మంచినీళ్లు ఇచ్చి లోనికి పోయెడిది. అతడు అరుగుమీద కూర్చుండి బాలునికి పోయిన చదువు చెప్పెడివాడు. లెక్కలు, తెలుగు, తరువాత కీర్తనలు. వానికి కుడిప్రక్కననే కూర్చుండవలెనని మొదటి వారముననే తెలిసికొనెను. ఒకనాడు ఆమె లోనినుండి వచ్చి, అటకమీది కంజీరను తుడిచి, మాట లేకుండ ఇద్దరి మధ్య పెట్టి పోయెను.

బాలుడు దానిని తీసికొని తాళము వేసెను. ఒక చెవితో విను గనుక కొంచెము తల వంచి వాయించును. పాట అతనికంటె ముందు పరుగెత్తినచోట చేయి ఆపి, పాడువారు తన దగ్గరకు వచ్చువరకు కనిపెట్టును. ఇప్పుడు ఆ సంఘములో పాటలు మునుపటికంటె మెల్లగా పాడబడుచున్నవి.